యుక్రెయిన్ మీద రష్యా యుద్ధం న్యాయమా, కాదా? మా నాన్నకూ మా బావకూ తగవు తీరేదెట్లా?

చిత్తూరు నుంచి మీరు అడిగింది చదివాను. మీ నాన్నగారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, ఆయనది రష్యా పక్షం. మీ బావగారు డాలస్‌లో ఉంటారు, ఆయనది యుక్రెయిన్ పక్షం. పోయిన సంక్రాంతికి భోజనాల దగ్గర మొదలైన మాట పెద్దదై, ఇప్పుడు ఫోన్ చేస్తే మీ బావగారు మామగారి గొంతు వినపడగానే ‘అత్తమ్మకివ్వండి’ అనేదాకా వచ్చిందని రాశారు. ఇద్దరిలో ఎవరిది కరెక్టు, ఇట్లాంటివి తేల్చడానికి ఒక పద్ధతంటూ ఉందా లేక ఎవరి ఇష్టం వాళ్లదేనా అని మీ ప్రశ్న.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అంతర్జాతీయ సంబంధాల పేపరు చాలా ఏళ్లు నా చేతిలోనే ఉండేది. కాబట్టి ఈ తగవు నాకు కొత్త కాదు, దేశాల పేర్లే మారుతుంటాయి. నా అభిప్రాయం దాచుకోకుండా ముందే చెప్పేస్తాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా మొదలుపెట్టిన యుద్ధం న్యాయమైనది కాదు. అదే సమయంలో, మీ నాన్నగారు చెప్పేవాటిలో చాలావాటికి ఆధారం ఉంది, ఆయన గాల్లోంచి పుట్టించి మాట్లాడటం లేదు. ఈ రెండు మాటలూ ఎట్లా పొసుగుతాయో చెప్పాలంటే కొంచెం పొడుగు రాయాలి, ఓపిగ్గా చదవండి.

ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన వయసువాళ్లకు రష్యా అంటే 1971. ఆ ఏడు ఆగస్టు 9న మనం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం. డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుండగా భద్రతా మండలిలో మనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాలను వాళ్లు మూడుసార్లు వీటో చేశారు. అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపింది. ఇవన్నీ రేడియోలో విన్న తరం అది, మరిచిపొమ్మంటే మరిచిపోరు, మరిచిపోవాల్సిన పనీ లేదు. యుక్రెయిన్ పాకిస్తాన్‌కు ట్యాంకులు అమ్మిందని కూడా ఆయన అని ఉంటారు. అదీ నిజమే, 1990ల చివర్లో 300కు పైగా టి-80 ట్యాంకులు అమ్మింది.

కానీ ఆయనతో ఒక మాట మెల్లగా అనండి. 1971లో మనకు వీటో వేసింది సోవియట్ యూనియన్. రష్యా ఎంత భాగమో యుక్రెయిన్ కూడా అందులో అంత భాగమే. 1991లో అది విడిపోయినప్పుడు భద్రతా మండలి కుర్చీ రష్యాకు వచ్చింది, అందుకని మన కృతజ్ఞత మొత్తం మాస్కో ఖాతాలోకే పోవాలని లేదు. మన వైమానిక దళం వాడే ఏఎన్-32 విమానాలు కీవ్‌లో పుట్టినవి. మన యుద్ధనౌకలు కొన్నింటిలో తిరిగే గ్యాస్ టర్బైన్లు యుక్రెయిన్‌లోని మికొలాయివ్ ఊరివి. మిత్రుడెవరు అనే లెక్క తీస్తే ఆ లెక్క కూడా ఒకవైపే మొగ్గదు.

అసలు మిత్రుడు అనే లెక్కతో న్యాయం తేలదు. మనకు కష్టంలో అప్పిచ్చి ఆదుకున్నవాడు రేపు పక్కవాడి పొలం గట్టు జరిపితే, మనం వాడితో మర్యాదగా మాట్లాడొచ్చు, కోర్టుకు పోవద్దని సర్దిచెప్పొచ్చు, గట్టు జరపడం మాత్రం తప్పే. కృతజ్ఞత మన ప్రవర్తనకు సంబంధించింది. వాడు చేసిన పని మంచిదా చెడ్డదా అనేది వేరే విచారణ.

ఇప్పుడు నాటో విషయం, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి. మీ నాన్నగారి వాదనలో బలమైనది ఇదే అనుకుంటాను. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో జరిగిన నాటో సమావేశం, యుక్రెయిన్, జార్జియా రెండూ ఎప్పటికైనా సభ్యులవుతాయని ప్రకటించింది. జర్మనీ, ఫ్రాన్స్ అప్పుడే వద్దన్నాయి, ఎప్పుడు చేర్చుకుంటారో తేదీ చెప్పలేదు, అయినా ప్రకటన మాత్రం బయటికి వచ్చింది. రష్యాకు కోపం రావడానికి అది కారణమంటే నేను ఒప్పుకుంటాను. పశ్చిమ దేశాల పండితులే ఎంతోమంది అది తెలివితక్కువ పని అన్నారు. అయితే యుద్ధం ఎందుకు వచ్చింది అని అడగడం ఒకటి, ఆ యుద్ధం చేయడానికి వాళ్లకు హక్కుందా అని అడగడం ఇంకొకటి. మన ఇళ్లల్లో, టీకొట్ల దగ్గర, టీవీ చర్చల్లో జరిగే గొడవల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే. మీ నాన్నగారు మొదటి ప్రశ్నకు జవాబు చెప్తుంటే మీ బావగారు రెండో ప్రశ్నకు జవాబు విన్నట్టుగా కోపం తెచ్చుకుంటారు. ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు, అయినా ఒకరికొకరు అబద్ధాలకోరుల్లా కనపడతారు.

హక్కు సంగతికి వస్తే లోకం ఒప్పుకున్న కొలత ఒకటి ఉంది. 1945లో రాసుకున్న ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో 2వ అధికరణం 4వ క్లాజు ప్రకారం ఏ దేశమూ ఇంకో దేశం మీద బలప్రయోగం చేయకూడదు, చేస్తానని బెదిరించనూ కూడదు. దీనికి మినహాయింపులు రెండే. 51వ అధికరణం కింద, తన మీద సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణకు పోరాడొచ్చు. లేదా భద్రతా మండలి అనుమతించాలి. దాడి జరగబోతోంది అనే భయంతో ముందే కొట్టొచ్చా అన్నదాని మీద పాత వాదం ఉంది. 1837లో కెరొలిన్ అనే చిన్న ఓడను కెనడా నుంచి వచ్చిన బ్రిటిష్ దళం అమెరికా గడ్డ మీద తగలబెట్టింది, ఆ గొడవ మీద 1841లో అమెరికా విదేశాంగ మంత్రి వెబ్‌స్టర్ ఒక గీత గీశాడు. ముప్పు కళ్లముందే ఉండాలి, వేరే దారి లేకుండా ఉండాలి, ఆలోచించుకునే వ్యవధి కూడా లేని పరిస్థితి అయ్యుండాలి. ఇప్పటికీ న్యాయవాదులు ఆ గీత దగ్గర నిలబడే వాదిస్తారు.

2022 ఫిబ్రవరిని ఆ గీత పక్కన పెట్టి చూడండి. యుక్రెయిన్ రష్యా మీద దాడి చేయలేదు. నాటోలో సభ్యత్వం లేదు, సభ్యత్వానికి ముందు ఇచ్చే కార్యాచరణ పథకం కూడా ఇవ్వలేదు. ఆలోచించుకునే వ్యవధి లేదా అంటే, సరిహద్దులో నెలల తరబడి సైన్యాన్ని పేర్చుకుంటూ వచ్చింది రష్యాయే. తర్వాత జరిగింది ఇంకా గట్టి సాక్ష్యం. ఈ యుద్ధం చూసి భయపడి ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. ఆ దేశానికి రష్యాతో సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. రష్యా నిరసన తెలిపింది, హెచ్చరించింది, ఫిన్లాండ్ మీద మాత్రం దండెత్తలేదు. నాటో సరిహద్దులోకి రావడమే ప్రాణాపాయం అయ్యుంటే అక్కడ ఊరుకునేదా? అదీగాక పుతిన్ తన మాటల్లోనే ఇంకో సంగతి చెప్పాడు. ఫిబ్రవరి 21 నాటి ప్రసంగంలో, ఇప్పటి యుక్రెయిన్ బోల్షెవిక్ రష్యా తయారుచేసిన దేశమని, లెనిన్ దాని శిల్పి అని అన్నాడు. నాటో మీద మాత్రమే గొడవైతే ఆ దేశం పుట్టుకను ప్రశ్నించాల్సిన పనేముంది? ఆ ఏడాది సెప్టెంబరు 30న నాలుగు ప్రాంతాలను రష్యాలో కలుపుకుంటున్నట్టు సంతకాలు కూడా చేశాడు.

యుక్రెయిన్ తూర్పు ప్రాంతమైన దోన్బాస్‌లో రష్యన్ మాట్లాడేవాళ్లను చంపుతున్నారు, కాపాడటానికి పోయాం అన్నది ఇంకో వాదన. 2014 నుంచి అక్కడ యుక్రెయిన్ సైన్యానికీ రష్యా అండ ఉన్న తిరుగుబాటుదారులకూ యుద్ధం నడిచింది, రెండువైపులా కలిపి 14 వేలమంది దాకా పోయారు, ఇది నిజం. అందులో పౌరులు సుమారు 3,400 మంది అని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విభాగం లెక్క. వాళ్లలో ఎక్కువమంది మొదటి రెండేళ్లలో చనిపోయినవాళ్లు. 2021 మొత్తం మీద చనిపోయిన పౌరులు 25 మంది. ఒక్క ప్రాణం పోయినా పాపమే, అయినా జాతి నిర్మూలన జరుగుతోంది, ఇక ఒక్కరోజు కూడా ఆగలేం అనడానికి ఈ లెక్క నిలబడదు. అంతర్జాతీయ న్యాయస్థానం 2022 మార్చి 16న, సైనిక చర్య ఆపమని రష్యాను 13–2 తేడాతో ఆదేశించింది. ఆపమన్న 13 మందిలో మన దేశపు న్యాయమూర్తి దల్వీర్ భండారీ కూడా ఉన్నారు. వద్దన్న ఇద్దరూ రష్యా, చైనా న్యాయమూర్తులు.

ఇంతవరకు చదివి మీ బావగారు సంతోషపడితే, ఇప్పుడాయన వంతు.

ఇరాక్. 2003 మార్చి 20. భద్రతా మండలి అనుమతి లేదు. ఇరాక్ అమెరికా మీద దాడి చేయలేదు. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ భద్రతా మండలిలో కూర్చుని సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని బొమ్మలు చూపించి మరీ చెప్పాడు. తర్వాత అమెరికా పంపిన బృందమే దేశమంతా గాలించి అట్లాంటి నిల్వలేమీ లేవని రిపోర్టు ఇచ్చింది. లండన్‌లో ఫిబ్రవరి 15న లక్షల మంది వీధుల్లోకి వచ్చి వద్దని మొత్తుకున్నారు. అమెరికాతో కలిసి యుద్ధానికి దిగిన బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ మంత్రివర్గంలో ఉన్న రాబిన్ కుక్, అంతకుముందు విదేశాంగ మంత్రిగా చేసినవాడు, మార్చి 17న రాజీనామా చేసి పార్లమెంటులో నిలబడి తన ప్రభుత్వానికే ఎదురు మాట్లాడాడు. మర్నాడు ఓటింగు పెడితే 412కి 149తో యుద్ధానికి ఆమోదం వచ్చింది. దీని మీద బ్రిటన్ జరిపించి 2016లో బయటపెట్టిన చిల్కాట్ విచారణ నివేదిక, శాంతి మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని తేల్చింది. సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004లోనే దాన్ని చట్టవిరుద్ధం అన్నాడు.

కాబట్టి మీ బావగారిని నేరుగా అడగండి: రష్యాను ఏ కొలతతో కొలిచారో అదే కొలతతో ఇరాక్ విషయంలో అమెరికాను తప్పుపడతారా? ‘అది వేరు, సద్దాం నియంత’ అంటే ఆ వాదన చెల్లదు. నియంత కాబట్టి కొట్టొచ్చు అనే వెసులుబాటు చార్టర్‌లో ఎవరికీ లేదు. మీ నాన్నగారిని తిరగేసి అడగండి: ఇరాక్ తప్పయితే యుక్రెయిన్ ఎట్లా ఒప్పయింది? అమెరికా చేసింది కదా అంటే, ఒకడి తప్పు ఇంకొకడికి లైసెన్సు అవుతుందా? ఇరాక్ పిల్లల కోసం ఆరోజు బాధపడిన మనిషి ఈరోజు యుక్రెయిన్‌లోని ఖార్కివ్ పిల్లల కోసం బాధపడకపోతే, ఆ రోజు బాధ అమెరికా మీద కోపమేనా అనే అనుమానం నాకొస్తుంది. ఇది మీ నాన్నగారిని అన్నమాట కాదు, ఎంతోమంది నా సొంత మిత్రుల్లో చూసి బాధపడి రాస్తున్నది.

మన జిల్లావాళ్లకు ఈ విషయం పుస్తకాల్లోది కాదు కూడా. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు మన దేశంలో చాలామందికి సద్దాం అంటే అభిమానం. కాశ్మీర్ విషయంలో మనకు అండగా ఉంటాడని, అమెరికాకు తలవంచడని. మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ పోయి ఆయన్ను కౌగిలించుకున్న ఫోటో పేపర్లలో వచ్చింది. మా క్లాసులో కూడా కుర్రాళ్లు సద్దాం మొనగాడు అని బల్లలు గుద్ది మాట్లాడుతున్నారు. పీలేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లోడొకడు వెనక బెంచీలో కూర్చునేవాడు, ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. వాళ్ల నాయన కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ రోజు లేచి నిలబడి, ‘మా నాయన ఉండే ఊర్లోకి వాళ్లెందుకొచ్చినారు సార్?’ అని అడిగాడు. అంతే అడిగి కూర్చున్నాడు. చేతిలో ఒక నీలం రంగు ఎయిర్‌మెయిల్ కవరు ఉంది, దాన్ని మడిచి విప్పి మడిచి విప్పి అంచులు చిరిగిపోయాయి. తర్వాత కాసేపు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. రాయచోటి, రాజంపేట, పీలేరు, మదనపల్లె వైపు ఊళ్లనుంచి కువైట్ పోయినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఆ ఏడు మన ప్రభుత్వం అమ్మాన్ మీదుగా విమానాలు తిప్పి లక్షా 70 వేల మందికి పైగా వెనక్కి తెచ్చింది, ఆ పిల్లోడి నాయన కూడా ఒట్టి చేతులతో ఇల్లు చేరాడు.

ఆ తర్వాత 1991 జనవరిలో సద్దాం మీద జరిగిన యుద్ధానికి భద్రతా మండలి అనుమతి ఉంది. 678వ తీర్మానం, 12 మంది అవునన్నారు, క్యూబా, యెమెన్ కాదన్నాయి, చైనా తటస్థం. చట్టం ప్రకారం చూస్తే అది 2003 లాంటిది కాదు. అయినా మన దేశంలో దాని మీద కూడా పెద్ద గొడవే నడిచింది. చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలకు బొంబాయి, మద్రాసు లాంటి చోట్ల ఇంధనం నింపుకోనిస్తే, బయటినుంచి మద్దతిస్తున్న కాంగ్రెస్ అభ్యంతరం చెప్పింది, చివరికి ఆపేయాల్సి వచ్చింది. ఒకే మనిషి చేసిన ఒకే దురాక్రమణ మీద కూడా మనలో ఏకాభిప్రాయం రాలేదు. ఇది మీ ఇంట్లో మాత్రమే ఉన్న జబ్బు కాదని చెప్పడానికి రాశాను.

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న 1971 గురించే. మీ నాన్నగారు గానీ బావగారు గానీ దీన్ని తీస్తే తొందరపడి జవాబు చెప్పకండి. ఎందుకంటే చార్టర్‌ను అక్షరం అక్షరం పట్టుకుంటే మనం కూడా ఇరుకున పడతాం. బంగ్లాదేశ్ కోసం పోరాడుతున్న ముక్తివాహినికి మనం నెలల ముందునుంచే ఆయుధాలు, శిక్షణ ఇచ్చాం. నవంబరు చివర్లోనే మన సైన్యం గరీబ్‌పూర్ దగ్గర సరిహద్దు దాటి పోరాడింది. డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేసింది కాబట్టి ఆత్మరక్షణ అనే మాట గట్టిగా నిలబడుతుంది, కానీ కథ అక్కడ మొదలైందని నిజాయితీగా చెప్పలేం. డిసెంబరు 7న సమితి సర్వసభ్య సభలో కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోమని తీర్మానం పెడితే 104 దేశాలు అవునన్నాయి, కాదన్నవి మనతో కలిపి 11. అంటే ఆ రోజు లోకం దాదాపుగా మనకు ఎదురు నిలిచింది. 2022 మార్చి 2న రష్యాకు వ్యతిరేకంగా 141 ఓట్లు, అనుకూలంగా 5 వచ్చాయి. ‘104 మంది మనల్ని తప్పన్నారు, అయినా మనం ఒప్పే కదా, మరి 141 మంది రష్యాను తప్పంటే ఎందుకు నమ్మాలి?’ అని మీ నాన్నగారు అడిగితే అది మంచి ప్రశ్న. దాన్ని కొట్టిపారేయకూడదు.

నా జవాబు ఇది. ఓట్ల లెక్కకంటే లోపలున్న సంగతులు చూడాలి. 1970 ఎన్నికల్లో షేక్ ముజీబ్ పార్టీ తూర్పు పాకిస్తాన్‌లో దాదాపు సీట్లన్నీ గెలిచి, మొత్తం పాకిస్తాన్‌లోనే మెజారిటీ తెచ్చుకుంది. అధికారం ఇవ్వకుండా 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యాన్ని సొంత జనం మీదికి వదిలారు, యూనివర్సిటీ హాస్టళ్లలో పిల్లల్ని కాల్చారు. కోటిమంది శరణార్థులు మన గడ్డ మీదికి వచ్చారు, ఇది ఎవరో పుట్టించిన లెక్క కాదు, అప్పటి ప్రపంచ పత్రికలన్నీ సాల్ట్ లేక్ డ్రెయినేజీ పైపుల్లో కాపురాలుంటున్నవాళ్లను ఫోటోలు తీశాయి. ఎనిమిది నెలలకు పైగా మన ప్రభుత్వం దేశదేశాలూ తిరిగి చెప్పింది, ఇందిరాగాంధీ అక్టోబరు, నవంబరుల్లో లండన్, వాషింగ్టన్, పారిస్ అన్నీ పోయి అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మరుసటి మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది. ఒక్క జిల్లా కూడా కలుపుకోలేదు.

మీ నాన్నగారికి నేను చెప్పదలుచుకున్న ఒకే ఒక్క విషయం ఇందులో ఉంది. చార్టర్ అక్షరానికి బయట ఉన్నా న్యాయం అనిపించుకోవాలంటే, చాలా పెద్ద హత్యాకాండ కళ్లముందు జరుగుతూ ఉండాలి, వేరే దారులన్నీ మూసుకుపోయి ఉండాలి, పని అయ్యాక బయటికి రావాలి. 1971లో మనం ఈ మూడూ చూపించగలం. 2022లో రష్యా ఇందులో ఏదీ చూపించలేదు. కలుపుకోవడం అనే ఒక్క పనితో కాపాడటానికి పోయాం అన్న మాట విలువ పోయింది. అప్పటి యుగోస్లావియాలోని కొసొవోలో అల్బేనియన్లను కాపాడతామని 1999లో నాటో భద్రతా మండలి అనుమతి లేకుండా ఆ దేశం మీద 78 రోజులు బాంబులు వేసింది, అది ఈ మూడింటి మధ్య ఎక్కడ నిలబడుతుంది అన్నదాని మీద నేటికీ చదువుకున్నవాళ్లు కొట్టుకుంటారు. మన దేశం అప్పుడు రష్యాతో కలిసి ఆ బాంబుదాడుల్ని ఖండించింది. నాకు కూడా దాని మీద పూర్తి తృప్తికరమైన జవాబు లేదు, అక్కడ అల్బేనియన్ల మీద దారుణం జరుగుతోంది నిజం, అదే సమయంలో ఎవరికి వాళ్లు అనుమతి లేకుండా దిగడం మొదలుపెడితే ఇరాక్ వచ్చింది, ఆ తర్వాత యుక్రెయిన్ వచ్చింది. పుతిన్ కూడా తన ప్రసంగాల్లో కొసొవోను ఎత్తి చూపుతూనే ఉంటాడు.

యుద్ధానికి దిగడం ఒక ప్రశ్న అయితే యుద్ధం చేసే తీరు ఇంకో ప్రశ్న. ఇది మన చిత్తూరు పల్లెవాళ్లకు చెప్పనక్కర్లేదు. ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెట్టినప్పుడు మీరు చూసే ఉంటారు, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపసు మాను ఎక్కడం, చివరి రోజు నేలమీద పడుకోబెట్టిన అంత పొడుగు మట్టి దుర్యోధనుడు. పాండవులది న్యాయం, ఐదూళ్లడిగినా ఇవ్వలేదు, రాయబారం కూడా అయిపోయింది, అందులో ఎవరికీ సందేహం ఉండదు. అయినా భీముడు తొడమీద కొట్టేసరికి చూసేవాళ్లలో ముసలివాళ్లు ‘గదాయుద్ధంలో నడుము కింద కొట్టకూడదు కదా’ అని వాదులాట పెడతారు, బలరాముడికి కోపం వచ్చిన సంగతి తీస్తారు. పక్షం న్యాయమైనదైనా చేసిన దెబ్బ అధర్మం కావచ్చని వాళ్లకు తెలుసు. ఇదే మాట 2023 అక్టోబరు 7 తర్వాతి గాజాకు పెట్టండి. హమాస్ ఆరోజు సుమారు 1,200 మందిని చంపింది, ఇజ్రాయెల్‌కు తన్ను తాను కాపాడుకునే హక్కు ఉంది. అందుకని గాజాలో పిల్లలకు అన్నం, నీళ్లు ఆపే హక్కు రాదు. అట్లాగే గాజాలో జరిగింది చూసి అక్టోబరు 7ను వెనకేసుకొచ్చే హక్కూ ఎవరికీ రాదు. యుక్రెయిన్‌ది ఆత్మరక్షణ అని నేను నమ్ముతాను, అయినా వాళ్ల సైన్యం ఖైదీలను హింసించిందని తేలితే తప్పు తప్పే. రష్యా సైన్యం వెళ్లిపోయాక కీవ్ పక్కన ఉన్న బూచా ఊళ్లో దొరికిన పౌరుల శవాల విషయంలో మన ప్రభుత్వం కూడా 2022 ఏప్రిల్‌లో సమితిలో ఖండించి స్వతంత్ర విచారణ అడిగింది, ఇది మీ నాన్నగారికి తెలియకపోవచ్చు.

‘మన దేశం ఓటు వేయకుండా తటస్థంగా ఉంది కదా, అంటే రష్యాది తప్పు లేదనే కదా’ అని చాలామంది అంటారు. కాదు. మార్చి 2న ఓటింగు జరిగే నాటికి మన వైద్య విద్యార్థులు ఖార్కివ్‌లో, సూమీలో బంకర్లలో ఉన్నారు. ముందురోజే కర్ణాటక కుర్రాడొకడు ఖార్కివ్‌లో తిండి కోసం బయటికి పోయి చనిపోయాడు. వాళ్లలో తెలుగు పిల్లలు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు, తిరుపతిలోనే ఎన్నో ఇళ్లల్లో రాత్రంతా లైట్లు ఆర్పకుండా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మొత్తం 22 వేల మందికి పైగా ఇళ్లకు చేరారు. అట్లాంటి వారంలో రెండు దేశాలతోనూ మాట్లాడగలిగే స్థితిలో ఉండటం కోసం తటస్థంగా ఉన్నారంటే నేను తప్పుపట్టలేను. మన ఆయుధాల్లో ఎక్కువ భాగం రష్యావి, చమురు లెక్క ఇంకొకటి. యుద్ధానికి ముందు మన దిగుమతి చమురులో రష్యాది 2 శాతం లోపు, ఏడాది తిరిగేసరికి అది మూడో వంతు దాటింది. ప్రభుత్వానికి 140 కోట్ల మంది బతుకు లెక్క ఉంటుంది, అది చూసుకుని ఓటు వేస్తుంది. మీకూ నాకూ ఆ బరువు లేదు. ప్రభుత్వం మౌనంగా ఉన్నంతమాత్రాన భోజనాల దగ్గర మనం అన్యాయాన్ని న్యాయం అనాల్సిన పని లేదు. ప్రధాని కూడా 2022 సెప్టెంబరులో సమర్కంద్‌లో పుతిన్ ముఖం మీదే ఇది యుద్ధాల కాలం కాదని అన్నారు, చమురు కొంటూనే అన్నారు.

వాట్సాప్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ ఇంట్లో సగం మంట అక్కడినుంచే వస్తోందని మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. యుద్ధం మొదలైన వారంలో ‘రష్యా విమానాన్ని కూల్చేస్తున్న దృశ్యం’ అని తిరిగిన వీడియోల్లో కొన్ని ఆర్మా 3 అనే వీడియోగేమ్‌లోవి. ఒక్కడే ఎన్నో రష్యా విమానాలు కూల్చాడని చెప్పిన ‘ఘోస్ట్ ఆఫ్ కీవ్’ పైలట్ కథ కట్టుకథ అని యుక్రెయిన్ వైమానిక దళమే ఒప్పుకుంది. నల్ల సముద్రంలోని స్నేక్ ఐలండ్ దీవిలో యుక్రెయిన్ సైనికులందరూ చనిపోయారన్నారు, తర్వాత చూస్తే వాళ్లు బందీలుగా బతికే ఉన్నారు. ఇవి మీ బావగారి వైపువి. అటువైపు, బూచాలో ఉన్నవి శవాలు కావు, నటులు అని తిప్పినవి మీ నాన్నగారి గ్రూపుల్లోకి వచ్చే ఉంటాయి. వాటిని ఉపగ్రహ ఫోటోలే అబద్ధమని తేల్చాయి, రష్యా సైన్యం ఆ ఊళ్లో ఉన్న రోజుల్లోనే ఆ శవాలు వీధిలో పడి ఉన్నాయి. ఇద్దరినీ ఒక ఒప్పందానికి తీసుకురండి: యుద్ధం వీడియోలు ఒకరికొకరు పంపుకోవడం మానేయాలి. దీనికి ఇద్దరూ ఒప్పుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక వాళ్లిద్దరినీ కూర్చోబెట్టే పద్ధతి. ఎవరు గెలిచారో తేల్చే ప్రయత్నం చేయకండి, వయసులో పెద్దాయన అల్లుడి ముందు ఓడిపోయానని అనడు, అల్లుడు మామ ముందు తగ్గానని అనుకోడు. అందుకు బదులు ఒక్కొక్కరికి ఒక ప్రశ్న ఇవ్వండి, ఏం జరిగి ఉంటే మీ అభిప్రాయం మార్చుకుంటారు అని. మీ నాన్నగారు ‘రష్యా ఆ నాలుగు ప్రాంతాలు కలుపుకోకుండా ఉంటే నేను ఇంకా గట్టిగా మాట్లాడేవాణ్ణి’ అన్నారనుకోండి, ఆయన సగం దారి వచ్చేసినట్టే. మీ బావగారు ‘దోన్బాస్‌లో యుద్ధం ఆపడానికి చేసుకున్న మిన్స్క్ ఒప్పందాలను యుక్రెయిన్ కూడా సరిగ్గా అమలు చేయలేదు, అది ఒప్పుకుంటాను’ అంటే ఆయనా వచ్చినట్టే. ఏం జరిగినా నా మాట మారదు అనే మనిషితో మాత్రం ఈ విషయం వదిలేసి, మామిడి ధరల గురించి మాట్లాడుకోవడం మేలు. అందులోనూ యుద్ధం ఉందనుకోండి, ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్‌కు పోయే సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగిపోవాల్సి వచ్చింది, ఆ ఫ్రైట్ భారం మన తోతాపురి గుజ్జు పంపేవాళ్ల మీద కూడా పడింది.

చదివించాల్సినవి రెండున్నాయి. మీ నాన్నగారికి పుతిన్ 2022 ఫిబ్రవరి 21న, 24న చేసిన రెండు ప్రసంగాలు మొత్తం వినిపించండి లేదా చదివి చెప్పండి, ఇంకొకరు చెప్పింది కాకుండా ఆయన నోటితో ఆయనే చెప్పింది. మీ బావగారికి చిల్కాట్ రిపోర్టు సారాంశం పంపండి, ఆయన ఇంగ్లీషులో హాయిగా చదువుకుంటారు. రెండూ అయ్యాక మళ్లీ ఎక్కడ ఆగిపోయారో రాయండి, అక్కడినుంచి చెప్తాను.